తుమ్మచెట్టు కాడి నల్లమల

మా మామ పాము కరిచి చావలేదు. ఆ ఒక్క విషయంలో ఊరికి ఆయన చేసిన అన్యాయం ఇప్పట్లో ఎవరూ మరిచిపోయేలా లేరు.

కల్వకుర్తి బస్టాండు ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతుంటే మా ఊరి మనిషి ఒకాయన వచ్చి, "మీ మామ పోయిండు, ఎరికేనా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా పక్క బల్ల మీదున్న ఇంకొకాయన, ఆయనా మా దిక్కువాడే, సాసరు కింద పెట్టి ఆత్రంగా అడిగాడు.

"ఏం పాము?"

"పాము గాదు. షుగరు."

"షుగరా!" అని సాసరు మళ్లీ నోటికెత్తుకున్నాడు. ఆ ఒక్క మాటతో సంతాప సభ ముగిసింది.

ఆయన బాధ నాకు అర్థమైంది. ఏళ్ల తరబడి నాగుపాములతో వేషాలు వేసినవాడు చివరికి కాలివేలి పుండుతో సర్కారు దవాఖానలో, పక్క మంచపాయన బత్తాయి పండ్ల వంక చూస్తూ చూస్తూ పోవడమేమిటి? బతికినన్నాళ్లూ కథలే చెప్పిన మనిషి, తన కథ ఎలా ముగియాలో ఆ మాత్రం ఆలోచించుకోవద్దూ!

ఆయన నాకు వరుసకు మామ. మా దిక్కున మామను ఎగతాళి చేసే హక్కు అల్లుడికి పుట్టుకతోనే వస్తుంది. పొలం పట్టా కన్నా గట్టి హక్కు అది. నేను దాన్ని ఒక్కరోజు కూడా బీడు పెట్టలేదు.

మామ అంటే నాకు ముందుగా కళ్ల ముందుకొచ్చేది హెల్మెట్. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఒక స్కూటర్ల దుకాణం ముందు కాపలా పని చేశాడట. పని పోయింది, హెల్మెట్ మిగిలింది. దానికి ముందు అద్దం లేదు. లోపలి మెత్తను ఎలుకలు ఎప్పుడో తినేశాయి. మామకు బండి లేదు, సైకిల్ కూడా లేదు. కానీ ఎవరింట్లోనైనా పాము కనబడిందని కబురొస్తే ఆయన మొట్టమొదట చేసే పని హెల్మెట్ తగిలించుకుని గడ్డం కింద పట్టీ బిగించడం. కాళ్లకు మాత్రం చెప్పులుండేవి కావు.

"మామా, పాము చెట్టెక్కి నీ నెత్తి మీద కరుస్తదా?" అని అడిగాను ఒకసారి.

"గిది నీకు సమజ్ గాదు అల్లుడా," అన్నాడు. "పాము ముందుగాల మనిషి మొఖం జూస్తది. మొఖం జూసి పరేషానయిందనుకో, ఇగ కాళ్లు యాదికి రావు."

ఆ లెక్కన ఆయనకు హెల్మెట్ అవసరం లేదు. ఉత్త మొఖమే సరిపోయేది.

మా ఊళ్లో కట్లపాము కనబడితే కర్రతో పలకరిస్తారు. రక్తపింజర కనబడితే రాయితో. నాగుపాముకు మాత్రం మర్యాద ఎక్కువ. దాన్ని చంపరు. ఆడబిడ్డను అత్తగారింటికి పంపినట్టు పంపాలంటారు. అంటే కుండలోకి ఎక్కించి, ఆ కుండ మూతికి ఆ ఇంటివాళ్లు ఇచ్చిన కొత్త జాకెట్ గుడ్డ వాసెన కట్టి, మళ్లీ రానంత దూరం సాగనంపాలి. ఎక్కించడం, సాగనంపడం రెండూ మామ పనే. ఆ జాకెట్ గుడ్డను పాముతో పాటే అడవిలో వదిలేయాలి. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి. మా అత్త కూడా గుర్తుంచుకునే ఉండేది, అది తరవాత చెబుతాను.

మామ వచ్చేసరికి ఇంటి ముందు సగం ఊరు ఉండేది. మిగతా సగం గోడలెక్కి ఉండేది. ఆయన తిన్నగా లోపలికి వెళ్లడం ఎన్నడూ చూడలేదు. వాకిట్లో ఆగి, పట్టీ మరోసారి బిగించి, చెయ్యి అడ్డంగా ఊపేవాడు.

"జరుగుండ్రి, జరుగుండ్రి! తల్లికి గాలాడ్తలేదు."

తల్లి అంటే పాము. అది ఏ వడ్ల గుమ్మి వెనకో నక్కి, ఈ జనమంతా ఎప్పుడు పోతారా అని చూస్తుండేది. మామ కుండను గోడవారన అడ్డంగా పడుకోబెట్టి, పొడుగు కర్రతో అవతలి వైపు నుంచి మెల్లగా నేల మీద తట్టేవాడు. పాము గోడ పట్టుకుని పాకుతూ వచ్చి, చీకటి సందు కనబడగానే కుండలో దూరేది. అంత జనాన్ని చూస్తే నేనైనా దూరేవాణ్ణే. చెయ్యాల్సిన పనంతా పాము చేసేది, పేరు మామకు వచ్చేది. మా ఊళ్లో చాలా పనులు ఇలాగే జరుగుతాయి కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు.

వింతగా తోచింది ఆయన భాష. మాతో మా మాటే మాట్లాడే మనిషి, పాముతో మాత్రం రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడేవాడు.

"తల్లీ, దయచేయుము. ఇచట నీకు స్థలము చాలదు. ఈ కుండయందు ప్రవేశింపుము."

"మామా, పాముకు చెవులుండవు. బడి పుస్తకంల రాసుంది," అన్నాను.

"రాసుంటది. గా ముచ్చట పాముకు తెల్సా?"



కుండ మూతికి గుడ్డ బిగించాక అసలు ఘట్టం. మామ కుండను నెత్తిన పెట్టుకుంటే, హెల్మెట్ మీద అది సరిగ్గా కుదురుకునేది. బహుశా హెల్మెట్ వల్ల లోకానికి జరిగిన ఏకైక మేలు అదే. "నల్లమలకు పోతున్న," అని దండోరా వేసినట్టు చెప్పి, వాగు దాటి రోడ్డు వైపు నడిచి వెళ్లేవాడు. ఆడవాళ్లు దండం పెట్టేవారు. సాయంత్రానికి ఉత్త కుండతో, ఎర్రబడ్డ కళ్లతో తిరిగొచ్చేవాడు.

"అడివి గాలి పడదు నాకు," అనేవాడు కళ్లు తుడుచుకుంటూ. ఆ అడవి గాలికి ఈత కల్లు వాసన ఉండేది. ఆ సంగతి ఊళ్లో అందరి ముక్కులకూ తెలుసు, చెవులకు మాత్రం చేరలేదు. ఎందుకంటే చెవులు అప్పటికే కథలో పడి ఉండేవి.

కథ వినాలి మీరు. శ్రీశైలం బస్సు డ్రైవరు కుండను చూడగానే లేచి తన సీటు పక్కన జాగా ఇచ్చేవాడట. మన్ననూరు గేటు దగ్గర ఫారెస్టువాళ్లు సెల్యూట్ కొట్టేవారట. అడవిలో ఒక నల్లబండ, దాని మీద మామ గుడ్డ విప్పగానే పాము బయటికొచ్చి, ఆయన చుట్టూ ప్రదక్షిణ చేసి, పడగెత్తి సెలవు తీసుకుని పోయేదట. ఒకసారి ఆ బండ దగ్గర పులి నీళ్లు తాగుతూ ఉందట. మామను చూసి పక్కకు జరిగిందట.

"పులి ఏమన్నా అన్నదా మామా?"

"అనకపోయినా సమజయింది," అన్నాడు గంభీరంగా.

మా అత్త ఈ మాటలన్నీ పొయ్యి దగ్గర కూర్చుని వినేది. "బల్లి మీద వడ్తె మంచమెక్కి కూసుంటడు. ఈయనకు పులి జరుగుతదట!" అని పుల్ల విరిచి పొయ్యిలో పడేసేది. కానీ బయట ఎవరైనా మామను ఒక మాటంటే ఊరుకునేది కాదు. భర్తను తిట్టే హక్కు ఆమె ఎవరికీ కౌలుకివ్వలేదు.

ఆయన గొప్పలన్నిటికీ అడుగున ఉన్న ఒకే ఒక్క రాయి ఇది: "నేనిడిసిన పాము మళ్ల రాదు." ఎవరు ఏ ఎగతాళి చేసినా పడేవాడు. ఆ మాట మీద మాత్రం ఎవరైనా నవ్వితే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు.

ఆ రాయి కదిలింది సువార్త వల్ల.

సువార్త మా ఊరి కొసన, వాగు గట్టున ఉన్న కాలనీకి కొత్తగా వచ్చిన కోడలు. దేవరకొండ దిక్కు పిల్ల. నోరు కాస్త పెద్దది, నవ్వు ఇంకాస్త పెద్దది. ఇంటి వెనక రాళ్లకుప్ప పక్కన గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి ఒక నాగుపాము తోక కొస తెగింది. పాము రాళ్లలోకి పోయింది. సువార్త గడ్డి మోపు కట్టుకుని ఇంట్లోకి వచ్చింది. ఆ పిల్ల దృష్టిలో సంగతి అంతటితో అయిపోయింది.

వారం తిరిగేలోగా అదే పాము వాళ్లింట్లో పల్లికాయ బస్తాల కింద కనబడింది. మొండితోక చూసి గుర్తుపట్టారు. మామ వచ్చాడు, రేడియో భాష మాట్లాడాడు, కుండ నెత్తికెత్తుకుని నల్లమలకు పోయాడు. కొన్నాళ్లకు మొండితోక మళ్లీ వచ్చింది, మళ్లీ ఆ బస్తాల కిందికే. మామ మళ్లీ పోయాడు, కానీ ఈసారి పులి కథ చెప్పలేదు. మూడోసారి వచ్చింది.

పల్లికాయ ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పాము. ఇది అర్థం కావడానికి చదువు అక్కరలేదు. కానీ ఇందులో కథ లేదు. మా ఊరికి కథ కావాలి. పాము పగబట్టిందన్నారు. తోక తెగిన నాగుపాము పగ పన్నెండేళ్ల దాకా తీరదన్నారు. నిన్నటిదాకా ఈ సంగతి తెలియనివాళ్లు కూడా చిన్నప్పటి నుంచీ తెలిసినట్టు చెప్పారు.

మర్నాడు పొద్దున్నే పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చున్నారు. ఊరి పెద్ద పటేలు అరుగు మీద, జనం కింద, మూడోసారి పట్టిన మొండితోక కుండలో, కుండ పక్కన మామ హెల్మెట్‌తో. సువార్త అత్త మరియమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంటూ నిలబడింది. సువార్త మొగుడు కూడా ఉన్నాడు. అతడు ఉన్నాడని చెప్పడానికి ఇంతకు మించి ఆధారం లేదు, ఎందుకంటే ఆ పూటంతా అతడు నోరు తెరవలేదు.

"అందరి మంచికే చెప్తున్న," అన్నాడు పటేలు. మా ఊళ్లో ఎవరికైనా చెడు జరగబోతుంటే మాట ఇలాగే మొదలవుతుంది. "పాము ఈ పిల్ల ఎంటబడ్డది. ఇయ్యాల ఈ ఇంట్లకొచ్చింది, రేపు పక్కింట్లకొస్తది. పిల్లను తల్లిగారింటికి తోలుండ్రి. పగ తీరినంక రానీ."

"పన్నెండేండ్లా పటేలా?" అంది మరియమ్మ.

"కుండల ఉన్న నాగన్నను నువ్వడుగు, తక్కువ జేస్తడేమో."

కొందరు నవ్వారు. సువార్త నవ్వలేదు. ముందుకొచ్చి కుండ దగ్గర నిలబడి, పటేలును కాదు, మామను అడిగింది.

"పెద్దయ్యా, నువ్వు సెప్పు. నిజంగ నల్లమలల్నే ఇడిసినవా?"

"అదేం మాట బిడ్డా," అన్నాడు మామ అలవాటు కొద్దీ. "నల్లబండ మీద ఇడిసిన. ఊరందరికీ ఎరికే."

"అట్లయితె అంత దూరం కెల్లి, గన్ని వాగులు దాటుకుంట, గన్ని ఊర్లు ఇడిసిపెట్టి, మా ఇల్లే యెతుక్కుంట వచ్చిందా?"

"వచ్చింది గద!" అన్నాడు పటేలు చేతులు బార్లా చాపి. "అందుకే గద పగ అంటున్నది! ఇంటి పక్కన ఇడిసిన పామయితె దారి తప్పి వచ్చిందనుకుందుము. ఈయన అడివిల ఇడిసొచ్చిన పామాయె. పగ గాకుంటె మరేంది?"

జనం తలలూపారు. లెక్క తప్పు లేదు. సువార్త నెత్తిన పన్నెండేళ్లు పెట్టిందెవరో కాదు, మామ చెప్పిన అడవి.

అది మామకు కూడా అర్థమైంది. ఆయన మొఖం చూస్తే తెలిసింది. తెలివైన మొఖం కాదది, ఏదైనా అర్థమైతే వెంటనే బయటపడిపోయేది. సువార్త మూట అప్పటికే కట్టి ఆ అరుగు కిందే పెట్టి ఉంది. మామ ఒకసారి ఆ మూటను చూశాడు, ఒకసారి కుండను చూశాడు. గడ్డం కింద పట్టీ విప్పాడు. జనంలో ఆయన హెల్మెట్ తియ్యడం నేను అంతకుముందు చూడలేదు. అడుగున బట్టతల ఉంది, దాని చుట్టూ పట్టీ ఒరిసిన గీత.

"అడివి లేదు, ఏం లేదు," అన్నాడు.

ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాడు. "నేనెన్నడు నల్లమలకు పోలె. వాగు దాటంగనే తుమ్మచెట్టు కాడ ఇడిసి, ఈతచెట్ల కింద కల్లు తాగి పండుకున్న. పాము దానింటికి అదొచ్చింది. పిల్ల తప్పేం లేదు."

జనంలోంచి ఒక ముసలాయన, "ఎంత మంచి గుండెవయా నీది!" అన్నాడు.

"ఏంది?"

"ఆడపిల్లను కాపాడనీకె తన మీదేసుకుంటున్నడు. గీ కాలంల ఎవలు జేస్తరు!"

"అరే, నిజంగనే పోలేదు!"

"నీ మంచితనం మాకెరికే," అన్నాడు పటేలు కళ్లు సగం మూసి. "ఇగ గమ్మునుండు. పులి నీకు తొవ్వ ఇచ్చిందంటె ఉత్తగనే ఇస్తదా?"

"పులి లేదు పటేలా! నేను కుక్కను జూసినా పక్కకు జరుగుత!"

"అగో, ఎంత అణకువనో సూడుండ్రి," అంది వెనక నుంచి ఒకామె.

మామకు కోపం వచ్చింది. ఆయన ఏళ్ల తరబడి చెమటోడ్చి కట్టిన అబద్ధం ఎంత గట్టిగా నిలబడిందంటే, కట్టినవాడే వచ్చి గడ్డపారతో పొడిచినా పెళ్ల ఊడటం లేదు. నా వైపు తిరిగాడు. "అల్లుడా, నువ్వన్న సెప్పురా! నువ్వెన్నడు నమ్మలే గద!"

"నేను నమ్మలే," అన్నాను.

"నువ్వేం నమ్మినవురా ఎన్నడన్న!" అని పటేలు నన్ను ఒక్క మాటతో కొట్టిపారేశాడు. జీవితమంతా ప్రతి దాన్నీ ఎగతాళి చేస్తే జరిగే నష్టం ఇదే. నిజం చెప్పాల్సినరోజు సాక్ష్యానికి పనికిరాము.

మామ ఒక చేత్తో హెల్మెట్, ఇంకో చేత్తో సువార్త మూట పట్టుకుని, "రాండ్రి నా ఎంట," అని నడిచాడు. మూట ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు. కుండ దగ్గర ఒకరిని కాపలా ఉంచి మేమంతా వెంట వెళ్లాం. కాలనీ దాటాం, వాగులో ఇసుక దాటాం. అవతలి గట్టున పెద్ద రాతిగుండు, దాని వెనక తుమ్మచెట్టు. ఊరి నుంచి చూస్తే గుండు తప్ప చెట్టు కనబడదు.

చెట్టు నిండా జాకెట్ గుడ్డలు.

కొమ్మకొమ్మకూ ముళ్లకు తగులుకుని, ఎండకు వెలిసి, వానకు చివికి, కొన్ని పేలికలై, కొన్ని ఇంకా రంగు పోకుండా. గుడ్డను పాముతోనే వదలాలన్న ఆచారాన్ని మామ తప్పలేదు. వదిలాడు, ఇక్కడ వదిలాడు.

"ఓసి నీ! గిది నా గుడ్డ గదనే!" అని ఒకామె అరిచింది. "ఎర్ర సుక్కలది! మా ఇంటి ముందటి సాయవాన్ల పామొచ్చిన నాటిది!"

"గీ పచ్చది నాది!"

"గిది మా అత్తది. ఆమె సచ్చిపోయి గూడ ఎన్నేండ్లాయె!"

పగ, దేవుడు, పన్నెండేళ్లు, అన్నీ వాగులో కొట్టుకుపోయాయి. ఆడవాళ్లు ఎగబడి ఎవరి గుడ్డ వాళ్లు వెతుక్కున్నారు. చేతులకు ముళ్లు గుచ్చుకున్న కొద్దీ మామకు తిట్లు పడ్డాయి. నల్లమల మహారణ్యం ఒక్క తుమ్మచెట్టుకు కుదించుకుపోయింది. పులి జాడ లేదు.

"మరి నేనిచ్చిన పట్టుగుడ్డ ఏది?" అంది పటేలు భార్య, చెట్టంతా కలియజూసి.

నిజమే. చెట్టు మీద ఉన్నవన్నీ ముతక గుడ్డలు, నాసిరకం గుడ్డలు. మంచివి ఒక్కటీ లేవు. ఎవరు ముందు చూశారో తెలియదు కానీ, ఒక్కొక్కరే తల తిప్పి మా అత్త వైపు చూశారు. మా అత్త కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుని, "ఎండ ఎంతగనం కొడ్తున్నదమ్మా," అంది.

పటేలు గొంతు సవరించుకున్నాడు. "నేను ముందుగాలనే అనుకున్న, పామేంది, పగేంది అని," అన్నాడు. పటేలంటే అదీ. సువార్త మా మామ చేతిలోంచి తన మూట లాక్కుని ఇంటిదారి పట్టింది. వాగు మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి చెట్టును చూసి, ఆ పెద్ద నవ్వు నవ్వింది. పొద్దుటి నుంచీ ఆపుకున్నదంతా ఒకేసారి.

మరి కుండలో పాము? "ఇయ్యాలన్న నల్లమలకు తీస్కపో," అన్నాడు పటేలు మామతో. "సాచ్చానికి నీ అల్లున్ని తోలుకపో. వాడు దేన్ని నమ్మడు గద, వాడు నమ్మితె మేం నమ్ముతం." కుండకు కట్టి ఉన్నది సువార్త ఇచ్చిన పసుపుపచ్చ గుడ్డ, దాని మీద ఆకుపచ్చ పూలు.

శ్రీశైలం బస్సు ఎక్కాం. డ్రైవరు లేచి జాగా ఇవ్వలేదు. మామ కుండను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మూతి మీద ఉంచి, ఊపిరి పీల్చాలా వద్దా అన్నట్టు కూర్చున్నాడు. హెల్మెట్ నా ఒళ్లో ఉంది. కండక్టరు వచ్చాడు.

"కుండల ఏముంది?"

ఊరంతటికీ నాగరాజని చాటిన మనిషి, "పెరుగు," అన్నాడు.

పక్క సీటులో చంటిపిల్లతో కూర్చున్నామె అది విని ఆశగా వంగింది. "ఓ పెద్దమనిషీ, జర తోడుకు పెడ్తవా? మా ఇంట్ల తోడు లేదు."

"పులిసింది తల్లీ," అన్నాడు మామ. చెమట కారి ఆయన కనుబొమ్మల మీద ఆగింది. "బాగ పులిసింది. పిల్లలకు మంచిది గాదు."

డిండి దాటాక బస్సు ఒక గుంతలో పడి లేచింది. కుండలోంచి బుస్సుమని చప్పుడు. మామ గట్టిగా దగ్గాడు. అక్కడి నుంచి మన్ననూరు దాకా ప్రతి గుంతకూ దగ్గాడు. ఆ చంటిపిల్ల తల్లి పాపం చూసి చూసి, "పెరుగు తినకు పెద్దయ్యా, దగ్గు జాస్తయితది," అని సలహా ఇచ్చింది.

బస్సు దిగాక మామ రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూసి కండక్టరును అడిగాడు. "సారూ, అడివి ఎటు దిక్కు?"

చుట్టూ అడవే ఉంది. కండక్టరు బెల్లు కొట్టాడు.

ఎవరూ సెల్యూట్ కొట్టలేదు. కాలిబాట పట్టుకుని మనుషుల అలికిడి లేనంత దూరం నడిచాం. నల్లబండ కనబడలేదు, ఉత్త బండ కనబడింది. మామ కుండను అడ్డంగా పడుకోబెట్టి, దూరం జరిగి, కర్ర కొసతో ముడి లాగాడు. గుడ్డ జారింది. పాము రాలేదు.

ఇప్పుడు దయచేయుము అంటాడని ఎదురుచూశాను. అనలేదు. కాసేపు గొంతుక్కూర్చుని, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"పో బిడ్డా. ఈడ మంచిగుంటది నీకు. మళ్ల రాకు, ఆ పిల్ల పరేషానయితది."

చాలాసేపటికి పాము తల బయటపెట్టింది. ప్రదక్షిణ చెయ్యలేదు, పడగెత్తలేదు, మా వైపు చూడనైనా లేదు. ఎండుటాకుల మీద చప్పుడు చేసుకుంటూ పోయింది. చివరికి మొండితోక కూడా గడ్డిలోకి పోయింది.

"అయిపాయెనా?" అన్నాను.

"అయిపాయె," అన్నాడు. ఆయన గొంతులో నిరాశ ఉంది. నిజానికి అడవి ఇంత చప్పగా ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

పసుపు గుడ్డను అక్కడే చెట్టుకు తగిలిస్తాడేమోననుకున్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊరికి రాగానే తిన్నగా సువార్త ఇంటికి వెళ్లి, "పాముకు పసుపుపచ్చ నచ్చలేదట బిడ్డా, నువ్వే ఉంచుకో," అని ఇచ్చేశాడు. ఇంట్లో మా అత్త అలమారు తెరిచి ఉండగా ఒక గుడ్డను అలా వదులుకోవడం ఆ మనిషికి చిన్న విషయం కాదు.

మర్నాడు అరుగు మీద నన్ను అడిగారు. నిజంగానే మన్ననూరు పోయామని, అడవిలోనే వదిలామని చెప్పాను. పటేలు నా వైపు వంగి వాసన చూశాడు.

"నువ్వు గూడ తాగొచ్చినవురా?" అన్నాడు.

అంతే. అబద్ధం చెప్పిన రోజుల్లో మామ దొర. నిజంగా పోయొచ్చిన నాటి నుంచి దొంగ. తరవాత కూడా పాము కనబడితే ఆయన్నే పిలిచేవారు, ఇంకెవరికీ ధైర్యం లేదు కదా. కానీ వాకిట్లో జనం చేరేవారు కాదు. దండం పెట్టేవారు కాదు. కొత్త గుడ్డ ఎవరూ ఇచ్చేవారు కాదు, పాత పంచె చింపి ఇచ్చేవారు. ఆయన కుండ పట్టుకుని బస్సెక్కేదాకా ఎవరో ఒకరు వెంట వెళ్లి చూసి వచ్చేవారు. సాయంత్రం తిరిగొచ్చాక ఏమైందని అడిగేవారు లేరు. ఇప్పుడు ఆయన దగ్గర చెప్పడానికి నిజం కథలున్నాయి. వినేవాళ్లు లేరు. అరుగు పక్కగా కుండతో పోతుంటే పిల్లలు, "పెరుగూ, పెరుగో!" అని అరిచేవారు. ఆ పేరు నేనే పెట్టానని అందరూ అనుకుంటారు. పెట్టింది నేనే.

మొండితోక మాత్రం మళ్లీ రాలేదు.

కల్వకుర్తి నుంచి నేను ఊరు చేరేసరికి ఇంటి ముందు మామను పడుకోబెట్టారు. జనం బాగానే వచ్చారు. పాము కరవకపోయినా వచ్చారంటే మెచ్చుకోవాలి. హెల్మెట్ తలదగ్గర పెట్టాలా, పాడెతో పంపాలా, అలమారులో పెట్టాలా అని ఆడవాళ్లు వాదించుకుని, తేలక అరుగు మీద నా పక్కన పెట్టారు. మా అత్త ఏడుపు మధ్యలోనే, "బల్లికి బయపడేటోడమ్మా," అని అందరికీ చెబుతోంది.

సువార్త వచ్చింది. ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి, నోరు అంతే ఉంది. కొంగు కింద నుంచి మడత నలగని గుడ్డ ఒకటి తీసి మామ ఛాతీ మీద పరిచింది. పసుపుపచ్చ, ఆకుపచ్చ పూలు. ఇన్నేళ్లూ జాకెట్ కుట్టించుకోలేదన్న మాట.

"మొగ మనిషికి జాకెట్ గుడ్డేందే, పిచ్చిదానా?" అన్నాడు పటేలు.

"దూరం పోతున్నడు గద పటేలా," అంది సువార్త. "ఈసారన్న తుమ్మచెట్టు కాడ ఆగకుండ పోనీ."

ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. మా అత్త కూడా. నేను ఎవరికీ మొఖం చూపించదలచుకోక, పక్కనున్న హెల్మెట్ తీసి తలకు తగిలించుకున్నాను. దానికి ముందు అద్దం లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.